అయిదో గేరు కన్నా ముందు మొదటి గేరు

పాత అంబాసిడర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఏదో ఒక రోజు పుట్టే కోరిక ఒకటుంది. స్టీరింగ్ కింద ఊగులాడే ఆ హ్యాండ్ గేరు పీకించేసి, సీట్ల మధ్యలో పొట్టి లీవరుతో టకటకా పడే అయిదు గేర్ల కొత్త గేర్‌బాక్స్ వేయించుకుందామని. కోరికలో తప్పేమీ లేదు. అయితే, అడిగిన వెంటనే ‘వేసేద్దాం సార్, ఎంతసేపు’ అనే మెకానిక్ ఎక్కడైనా దొరుకుతాడు. ‘ఇంతకీ మీకు ఏం ఇబ్బందిగా ఉంది?’ అని అడిగేవాడే అరుదు. ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించే. నిర్ణయాలు తీసుకోవడం ఎలా అని చెప్పే పుస్తకంలో గేర్‌బాక్స్ సంగతి ఎందుకని అనుమానం రావచ్చు. మన నిర్ణయాలు చాలావాటిని కొలవడానికి కొలబద్ద ఉండదు. దీనికి మాత్రం ప్రతి అడుగునా ఒక అంకె ఉంది. ఆ అంకెలు వేసి చూస్తే కోరిక ఎంత, అవసరం ఎంత అన్నది తేటతెల్లమవుతుంది. నా వాదన ఒక్కటే: గేర్‌బాక్స్‌ను మీ దారిలో బండి అతి వేగంగా పోయే చోటును చూసి కాదు, అతి నెమ్మదిగా పాకే చోటును చూసి ఎంచుకోవాలి. అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో ఉండేవారికి ఇది మరీ వర్తిస్తుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. గేర్లు పెరిగితే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. గేర్‌బాక్స్ ఇంజన్‌కు ఒక్క హార్స్‌పవర్ కూడా కలపదు. పైపెచ్చు పళ్ల రాపిడిలో, ఆయిల్ చిలకడంలో కొంత తినేస్తుంది. అది చేసే పని మార్పిడి: వేగం తగ్గించి మెలితిప్పే శక్తిని పెంచుతుంది, లేదా ఆ శక్తి తగ్గించి వేగం పెంచుతుంది. ఎన్ని మెట్లు కావాలన్నది లాగాల్సిన బరువు తీరును బట్టి ఉంటుంది. జంగ్లీఘాట్ జెట్టీలో కట్టేసి ఉన్న ఇంజన్ పడవలనే చూడండి. వాటి గేర్‌బాక్స్‌లో ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి, మధ్యలో న్యూట్రల్, అంతే. పడవ కదిలేటప్పుడు ప్రొపెల్లర్ మీద భారం చాలా తక్కువ, వేగం పెరిగేకొద్దీ అది నిటారుగా పెరుగుతుంది. అందుకని బయల్దేరడానికి ప్రత్యేకంగా బలమైన గేరు అక్కర్లేదు, ఇంజన్ చుట్లను ఒక నిష్పత్తిలో తగ్గించే రిడక్షన్ ఉంటే చాలు. ఎత్తు మీద ఆగిన కారుది దీనికి పూర్తి వ్యతిరేకం. వేగం సున్నా ఉన్నప్పుడే దానికి అత్యధిక బలం కావాలి. అందుకే కారుకు మెట్లు కావాలి, వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అడుగు మెట్టు. రోజంతా సముద్రం మీద ఒకే గేరుతో పోయే మనిషికి అయిదు గేర్ల గొప్ప చెప్పబోతే నవ్వుతాడు, అందులో న్యాయం కూడా ఉంది.

ఇక లెక్క. టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2 మీటర్లు కదులుతుందనుకుందాం. వెనక ఆక్సిల్‌లో క్రౌన్, పినియన్ నిష్పత్తి 4.5 అనుకుందాం. అంబాసిడర్లలో ఇది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ బండి అంకె కనుక్కుని వేసుకోండి. నాలుగో గేరు నేరు గేరు, అంటే ఒకటికి ఒకటి. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1,000 మీటర్లు, అంటే చక్రం 500 చుట్లు, ఇంజన్ 2,250 చుట్లు. ఇప్పుడు 0.82 నిష్పత్తి ఉన్న అయిదో గేరు పెడితే అదే వేగానికి ఇంజన్ సుమారు 1,845 చుట్లే తిరుగుతుంది. 80 కిలోమీటర్ల దగ్గర 3,000 చుట్లు 2,460కి దిగుతాయి. చెవికి తెలిసేంత తేడా అది, ఇంజన్‌కూ హాయి. అదే 40 కిలోమీటర్ల దగ్గర చూడండి: నాలుగో గేరులో 1,500, అయిదో గేరులో 1,230. పాత 1489 సీసీ ఇంజన్‌ను 1,230 చుట్ల దగ్గర పెట్టి నలుగురు మనుషులను లాగమంటే అది లాగదు, మూలుగుతుంది. కాస్త ఎత్తు వచ్చినా బండి మొత్తం కుదుపులు మొదలవుతాయి. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఊపు రాదు, నాలుగుకో మూడుకో దిగాల్సిందే. అంటే అయిదో గేరు అన్నది 60 దాటి నిలకడగా పోయే రోడ్డు ఉన్నవాళ్ల సొత్తు.

అలాంటి రోడ్డు జంగ్లీఘాట్ వాసికి ఎంత ఉంది? 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరంలో జంగ్లీఘాట్ ఒక పేట. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. వాళ్లలో మత్స్యకార కుటుంబాలు గట్టిగా కుదురుకున్న చోట్లలో ఇదొకటి. నగరం గుట్టల మీద కట్టినది. సముద్రపు ఒడ్డు నుంచి ఏ బజారుకు పోవాలన్నా ఒక ఎక్కుడు, ఒక దిగుడు, ఒక మలుపు. ఊరు దాటి ఉత్తరానికి పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు తీసుకుంటే, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ ఆగి, నిర్ణీత వేళకు కాన్వాయ్‌గా కదలాలి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జారవా తెగ వారి రక్షిత ప్రాంతం. 40 కిలోమీటర్లకు మించిన వేగం కూడదు, ముందున్న బండిని దాటకూడదు, ఎక్కడా ఆగకూడదు. ఆ నిబంధనలు ఉండాల్సినవే. ఆ అడవి వాళ్ల ఇల్లు, మనం పోయేది వాళ్ల వాకిట్లోంచి. సుప్రీంకోర్టు 2002లో ఆ భాగాన్ని మూసేయమని కూడా చెప్పింది. మన లెక్కకు సంబంధించినంత వరకు తేలేదేమిటంటే, దీవుల్లో అతి పొడవైన రోడ్డు మీదే ముఖ్యమైన భాగంలో మీ అయిదో గేరుకు పనిలేదు. 40 దగ్గర అది 1,230 చుట్లు చూపిస్తుందని పైన చూశాం. కాన్వాయ్‌లో మీరు మూడో గేరులోనో నాలుగో గేరులోనో ఉంటారు, ముందు బస్సు మెల్లగా పోతే రెండుకు దిగుతారు.

అసలు బాధ ఎక్కడుందో ఇప్పుడు చూద్దాం. పాత అంబాసిడర్ గేర్‌బాక్స్‌కు రెండు, మూడు, నాలుగు గేర్లకు సింక్రో (గేరు వేసేటప్పుడు పళ్ల వేగాలను కలిపే ఏర్పాటు) ఉంటుంది, మొదటి గేరుకు ఉండదు. చదును నేల మీద ఇది పెద్ద ఇబ్బంది కాదు, పూర్తిగా ఆగి మొదటి గేరు వేసుకుంటాం. కానీ జెట్టీ వైపు నుంచి ఎక్కుడు మీద పోతూ, ముందు లారీ ఒకటి ఈడుస్తూ పోతుంటే మీ వేగం పదికి పడిపోతుంది. రెండో గేరులో ఇంజన్ ఆగిపోయేలా కొట్టుకుంటుంది. మొదటి గేరు వేద్దామంటే బండి ఇంకా కదులుతోంది, లీవరు నెడితే పళ్లు గరగరమంటాయి. దానికి మందు డబుల్ క్లచ్: క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయాలి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టాలి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. ఇదంతా ఒక్క క్షణంలో, ఎత్తు మీద, వెనక ఆటో హారన్ కొడుతుండగా జరగాలి. చాలామంది చేయరు. బదులుగా రెండో గేరులోనే క్లచ్‌ను సగం తొక్కి ఉంచి బండిని ఈడ్పిస్తారు. క్లచ్ ప్లేటు వాసన వచ్చేది అప్పుడే. ఆరు నెలలకోసారి క్లచ్ ప్లేటు మార్చే బండికి కావాల్సింది అయిదో గేరు కాదు, సింక్రో ఉన్న మొదటి గేరు. ఆధునిక అయిదు గేర్ల బాక్స్ ఆ రెండూ కలిపి ఇస్తుంది కదా అంటారా? ఇస్తుంది. నేను చెప్పేది అదే: కొనేటప్పుడు దేనికోసం కొంటున్నారో తెలిసి ఉండాలి, ఎందుకంటే ఏ బాక్స్ ఎంచుకోవాలన్నది దాన్ని బట్టే తేలుతుంది.

అది ఎలాగంటే, అయిదు గేర్లన్నీ ఒక్కలా ఉండవు. ప్రపంచంలో పాత కార్లలోకి ఎక్కువగా ఎక్కించిన అయిదు గేర్ల బాక్సుల్లో ఫోర్డ్ టైప్ 9 ఒకటి. 1982లో వచ్చిన ఫోర్డ్ సియెరాలో వాడినది. దాని నిష్పత్తులు 3.65, 1.97, 1.37, 1, 0.82. బ్రిటన్‌లో ఎంజీబీ స్పోర్ట్స్ కార్ల యజమానులు దీన్ని విరివిగా వేయించుకుంటారు. ఎంజీబీ ఇంజన్ 1798 సీసీ, మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ పుట్టిన బీఎంసీ బీ సిరీస్ వంశమే. అందుకని ‘వాళ్లు చేశారు, మనమూ చేద్దాం’ అనే మాట తరచుగా వినబడుతుంది. కానీ వాళ్ల రోడ్డు వేరు. బ్రిటన్ మోటార్‌వేల మీద గరిష్ఠ వేగం గంటకు 70 మైళ్లు, అంటే 112 కిలోమీటర్లు. ఆ వేగంలో నాలుగో గేరులో సుమారు 3,900 చుట్లు తిరిగే ఎంజీబీ ఇంజన్, 0.82 పడితే 3,200కి వస్తుంది. గంటల తరబడి అలా పోయేవాడికి ఆ తేడా విలువైనదే. పైగా ఎంజీబీ అంబాసిడర్ కన్నా తేలికైన రెండు సీట్ల బండి. ఇక అదే టైప్ 9 మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య ఎంత దూరముందో గమనించండి. మొదటి గేరులో 3,000 చుట్ల దాకా లాగి రెండు వేస్తే ఇంజన్ సుమారు 1,620కి పడిపోతుంది. బలం చాలిన తేలిక బండి దాన్ని తట్టుకుంటుంది. నిండుగా మనుషులున్న అంబాసిడర్ ఎక్కుడు మీద అక్కడే చతికిలబడుతుంది. కాబట్టి బాక్స్ చూడబోయినప్పుడు చివరి అంకె అడక్కండి. మొదటి రెండు అంకెలు అడిగి, ఒకదాన్ని మరొకదానితో భాగించండి. ఫలితం ఎంత తక్కువైతే ఎత్తు మీద అంత సుఖం.

మన దేశంలోనే ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఉంది. అంబాసిడర్‌కు అయిదు గేర్లు వేయడమన్నది ఎవరో షెడ్డు మేస్త్రీ కనిపెట్టిన ఆలోచన కాదు, హిందుస్తాన్ మోటార్స్ స్వయంగా చేసింది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆకారంతో 1950ల చివర్లో ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్‌కు దశాబ్దాల పాటు నాలుగు గేర్లు, హ్యాండ్ గేరే. 1980లలో కంపెనీ మరో కారు కాంటెస్సాకు జపాన్ ఇసుజు 1.8 లీటర్ ఇంజన్, దానితో అయిదు గేర్ల బాక్స్ పెట్టారు. 1990ల తొలినాళ్లలో అదే జోడీని అంబాసిడర్‌లోకి దించి 1800 ఐఎస్‌జడ్ అని అమ్మారు, లీవరు కిందకు వచ్చింది. ఇక్కడ గమనించాల్సినది, కంపెనీ గేర్‌బాక్స్‌ను ఒంటరిగా మార్చలేదు. పాత 1489 సీసీ ఇంజన్ బలం సుమారు 50 హార్స్‌పవర్. కొత్తది 1817 సీసీ, సుమారు 75. ఒకటిన్నర రెట్ల బలమున్న ఇంజన్ వచ్చాకే అయిదో గేరు వచ్చింది. పైన బలం లేనప్పుడు చివరి మెట్టు ఖాళీగా పడి ఉంటుందని ఆ ఇంజినీర్లకు తెలుసు. ఇప్పుడు ఎవరైనా పాత ఇంజన్ అలాగే ఉంచి వెనక ఇసుజు బాక్స్ తగిలిస్తానంటే, సగం పని చేస్తానంటున్నాడని అర్థం. ఆ సగం పనికి కూడా విలువ లేకపోలేదు, మొదటి గేరుకు సింక్రో, కింద లీవరు దక్కుతాయి. అయిదో గేరు మాత్రం ఎక్కువగా అలంకారమే.

ఇక్కడొక బలమైన అభ్యంతరం వస్తుంది. ‘అయిదో గేరుతో పని లేదన్నారు, మొదటి గేరే సమస్య అన్నారు. మరి పాత బాక్స్‌నే విప్పించి బాగు చేయించుకుంటే పోదా?’ చాలా బండ్ల విషయంలో నా జవాబు: అవును, అదే చేయండి. గేర్లు జారిపోవడం, ఊళ వేయడం, వేసిన గేరు ఎగిరి బయటకు రావడం లాంటివి సగానికి సగం అరిగిన బేరింగులు, సింక్రో రింగులు, సెలెక్టర్ స్ప్రింగుల పుణ్యమే. హ్యాండ్ గేరు బిగుసుకుపోవడమైతే చాలాసార్లు గేర్‌బాక్స్ తప్పే కాదు. స్టీరింగ్ కాలమ్ నుంచి కింద దాకా వెళ్లే లింకుల బుష్షులు అరిగిపోయి ఉంటాయి. వాటి ఖర్చు ఒక హోటల్ భోజనమంత. డబుల్ క్లచ్ నేర్చుకోవడానికి అసలు ఖర్చే లేదు. బాక్స్ మార్పు న్యాయమనిపించే సందర్భాలు రెండే నాకు కనబడతాయి. ఒకటి, గేర్ల పళ్లు విరిగి లేదా పైతొడుగు పగిలి, పాత సామాను దొరకనప్పుడు. రెండు, ఆ బండిని డబుల్ క్లచ్ రాని, రావాల్సిన అవసరం కూడా లేని ఇంకొకరు రోజూ నడపాల్సి వచ్చినప్పుడు. రెండో కారణాన్ని చులకన చేయకండి. ఇంట్లో ఒక్కరే నడపగల బండి ఆ ఒక్కరికీ కూడా భారమే అవుతుంది.

పెట్రోలు ఆదా అవుతుందనే వాదనను తొందరగా తేల్చేద్దాం. ఇంజన్ తక్కువ చుట్లు తిరిగితే లోపలి రాపిడి తగ్గి కొంత మిగులుతుంది, నిజమే. అది నిలకడ వేగం మీద వచ్చే మిగులు. ఎక్కుడు దిగుడు ఉన్న ఊళ్లో రోజుకు పది కిలోమీటర్లు తిరిగే బండికి అయిదో గేరు పడే నిమిషాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ ఆదాతో మార్పు ఖర్చు తిరిగి రావడం మాటెలా ఉన్నా, కార్బొరేటర్ శుభ్రం చేయించి టైర్లలో గాలి సరిచూసుకుంటే అంతకన్నా ముందు కనబడుతుంది. ‘రేపు బండిని విశాఖ తీసుకెళ్తే?’ అని అడిగేవాళ్లున్నారు. చెన్నై నుంచి విశాఖ మీదుగా కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద అయిదో గేరు బంగారమే. అయితే తీసుకెళ్లినప్పుడు అక్కడే వేయించుకోండి. ఆ పని తెలిసిన చేతులు, సామాను అక్కడే ఎక్కువ. ఎప్పుడో పోయే రోడ్డు కోసం రోజూ పోయే రోడ్డు మీద బండిని ఇబ్బంది పెట్టడం తెలివైన బేరం కాదు.

అసలు రూపం పోతుందనే వారి మాటకు బరువుంది, దానికి చట్టం బరువు కూడా తోడైంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసీ, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని బండ్లకే ఆ గుర్తింపు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఆ గుర్తింపు పొందిన బండిని రోజువారీగా తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి, ఇలా కొన్ని పనులకే రోడ్డెక్కాలి. కాబట్టి ఆ దారిలో పోదలచినవారు అయిదు గేర్ల ఆలోచన అక్కడితో ఆపేయాలి. బండి అరుదుగా కదులుతుంది కాబట్టి అవసరమూ లేదు, గేర్‌బాక్స్ పైనున్న రేకు సొరంగం కోస్తే బాడీలో మార్పు చేసినట్లూ అవుతుంది. రోజూ తిప్పే మామూలు రిజిస్ట్రేషన్ బండి అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూడాలి. ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా మార్పులు చేయకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా సమర్థించింది. ఇంజన్ మార్చడం నేరుగా దీని కిందికి వస్తుంది. ఆర్‌సీలో గేర్‌బాక్స్ గురించి రాయరు కదా అని ధీమా పడకుండా, పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలియజేయండి. ప్రమాదం జరిగాక అడిగే ప్రశ్నలకు ముందే జవాబు ఉండటం మంచిది.

ఇంత ఆలోచించాక కూడా మార్చాలనే తేలితే, పనిలోకి దిగుదాం. మొదటి సూత్రం: బండి విప్పక ముందే కొలతలు పూర్తి కావాలి. దీవుల్లో ఇది రెండింతలు ముఖ్యం. చెన్నై, విశాఖ, కోల్‌కతా ఏ రేవైనా సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. మరిచిపోయిన ఒక చిన్న స్లీవు కోసం బండి జాకీల మీద ఓడ వచ్చేదాకా కూర్చుంటుంది. కొలవాల్సినవి: కొత్త బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవు, దాని గాళ్లు ఎన్ని, ముక్కు మందం ఎంత. ఆ ముక్కు ఇంజన్ క్రాంక్ చివరి పైలట్ బుష్‌లో కూర్చోవాలి, సైజు తేడా ఉంటే లేత్ మీద కొత్త బుష్ చేయించాలి. క్లచ్ ప్లేటు బయటి వ్యాసం పాత ఫ్లయ్‌వీల్‌కు, మధ్య గాళ్లు కొత్త షాఫ్ట్‌కు సరిపోవాలి, ఇలా రెండు కుటుంబాల మధ్య పెళ్లి కుదిర్చే ప్లేటు దొరికితే సగం పని అయినట్లే. తర్వాత లీవరు. అంబాసిడర్ ముందు సీటు పొడవాటి బెంచి. కింద లీవరు వస్తే అది సీటు అంచుకు తగలకుండా ఉండాలి, చాలాసార్లు బెంచి తీసి విడి సీట్లు వేయాల్సి వస్తుంది. ముందు ముగ్గురు కూర్చునే సుఖం పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించుకోవడం గృహశాంతికి మంచిది. ఇవి కాక స్పీడోమీటర్ కేబుల్ గేరు, రివర్స్ లైటు స్విచ్, హ్యాండ్ బ్రేకు కేబుల్ దారి ఉన్నాయి. స్పీడోమీటర్ కొత్త బాక్స్‌తో తప్పు చూపించవచ్చు, ఫోన్‌లోని జీపీఎస్‌తో పోల్చి ఎంత తేడానో రాసుకోండి.

కోత విషయంలో పిసినారిగా ఉండండి. అంబాసిడర్‌కు లారీలా విడి చాసీ లేదు, బాడీయే దాని ఎముకల గూడు. గేర్‌బాక్స్ పైన ఉన్న రేకు సొరంగం ఆ గూట్లో భాగం. కొత్త బాక్స్ పట్టడం లేదని గ్యాస్ కటింగ్‌తో దాన్ని ఎడాపెడా కోసేస్తే నడిమి బలం తగ్గుతుంది, తలుపులు సరిగ్గా పడవు. అంతకన్నా పెద్ద శత్రువు సముద్రపు గాలి. ఉప్పు గాలి, ఏడాదిలో ఎక్కువ నెలల వాన ఉన్న చోట కోసిన రేకు అంచుకు ప్రైమర్ తగలకపోతే కొద్ది వారాల్లోనే ఎర్రని గీత కనబడుతుంది. ఒక వానాకాలం గడిచేసరికి పెయింటు కింద బుడగలు లేస్తాయి. ఆ పైన వేలితో నొక్కితే పొర ఊడి వస్తుంది. కాబట్టి వీలైనంత వరకు పాత రంధ్రాలకే బోల్టులతో బిగించే బ్రాకెట్ చేయించండి. కోయక తప్పనిచోట అంచులు అరగదీసి, జింక్ ప్రైమర్ రెండు పూతలు వేసి, కింది వైపు కూడా సీలర్ పట్టించండి. లీవరు చుట్టూ రబ్బరు బూటు గట్టిగా కూర్చోవాలి, లేదంటే వర్షపు నీళ్లు కాళ్ల కింద కార్పెట్‌లోకి చేరి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. బోల్టులతో బిగించిన పనికి ఇంకో లాభం, రేపు పాత బాక్స్ తిరిగి పెట్టాలనుకుంటే దారి మూసుకుపోదు. అసలు రూపం ప్రేమికులకు నేనిచ్చే హామీ కూడా ఇదే.

బిగింపులో రెండు కొలతలు దాటవేస్తే మిగతా పనంతా వృథా. ఇంజన్, గేర్‌బాక్స్ మధ్య కొత్త అడాప్టర్ ప్లేటు పెడతారు. దాని రంధ్రం సరిగ్గా క్రాంక్ కేంద్రం మీద కూర్చుందా లేదా అన్నది కంటికి తెలియదు. ఫ్లయ్‌వీల్‌కు డయల్ గేజ్ బిగించి, చేత్తో నెమ్మదిగా ఇంజన్ తిప్పుతూ సూది కదలిక చూడాలి. మొత్తం తేడా ఒక ఇంచీలో వెయ్యో వంతులు పదికి లోపు, అంటే కేంద్రం జరిగింది వెయ్యో వంతులు అయిదుకు మించకూడదు. మించితే మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని నెలలకు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అరిచి, పైలట్ బుష్ తినేసి, గేరు ఎగిరిపోవడం మొదలవుతుంది. అప్పుడు అందరూ ‘పాత తుక్కు బాక్స్ ఇచ్చాడు’ అని అమ్మినవాణ్ణి తిడతారు. రెండోది ప్రొపెల్లర్ షాఫ్ట్. కొత్త బాక్స్ పొడవు వేరు కాబట్టి షాఫ్ట్‌ను కోసి లేదా పెంచి, ఆ తర్వాత తప్పనిసరిగా బ్యాలెన్స్ చేయించాలి. గేర్‌బాక్స్ వెనక క్రాస్ దగ్గరి వంపు, ఆక్సిల్ దగ్గరి క్రాస్ వంపు దాదాపు సమానంగా, ఎదురెదురుగా ఉండాలి, ఒక డిగ్రీకి మించి తేడా వద్దు. బాక్స్ వెనకభాగం కాస్త ఎత్తులో పెట్టి మౌంటింగ్ చేసిన బండ్లలో 50 కిలోమీటర్ల దగ్గర నేల వణకడం దీని వల్లే. ఆయిల్ కూడా దుకాణంవాడు ఏది ఇస్తే అది పోయకండి. ఇత్తడి సింక్రో రింగులున్న బాక్స్‌కు బాక్స్ తయారీదారు చెప్పిన గ్రేడు వాడాలి. చాలావాటికి జీఎల్ 4 సరి. జీఎల్ 5లోని కొన్ని రసాయనాలు ఇత్తడిని తినే ప్రమాదముంది.

బండి సిద్ధమయ్యాక ముందు ఖాళీగా, తర్వాత నలుగురు మనుషులతో అదే ఎక్కుడు ఎక్కించి చూడండి. దిగేటప్పుడు కొత్త బాక్స్ ఇంజన్ బ్రేకును ఎంత ఇస్తుందో కూడా గమనించండి. పాత డ్రమ్ బ్రేకులున్న బండికి దిగుడులో రెండో గేరే అసలు కాపరి. నా తీర్పు ఇది: 1489 సీసీ ఇంజన్, జంగ్లీఘాట్ రోడ్లు, బాగు చేయదగిన పాత బాక్స్ ఉంటే దాన్నే బాగు చేయించండి. బాక్స్ చేజారిపోయి ఉంటే, మొదటి రెండు గేర్ల దూరం తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి, అయిదో గేరు ఉచితంగా వచ్చిందనుకోండి. బాక్స్ మార్చినా, విప్పిన పాత గేర్‌బాక్స్‌ను తుక్కు కింద అమ్మేయకండి. లోపల ఆయిల్ నింపి, షాఫ్ట్ చివరలకు గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, నేలకు తగలకుండా చెక్క మీద పెట్టి దాచండి. అవసరం పడిన రోజు ఇంకొకటి కావాలంటే ఓడ రావాలి.